తేనెగూటి మూత కింద

పొలిక్సేని పొద్దున్నే మ్యూజియం తలుపు తీసి, కిటికీ రెక్కలు తెరిచి, మొట్టమొదట పలకరించేది తాతని. "ఏం తాతా, నిద్ర పట్టిందా?" అనేది. ఆ తాత ఉండేది ఏడో నంబరు అద్దాల పెట్టెలో. పక్క పగిలిన మట్టి బానలో మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకున్న పసికందు. కోడిగుడ్డు పెంకంత పలచని పుర్రె, దువ్వెన పళ్ళలాంటి పక్కటెముకలు. బాన మూతి దగ్గర గుండ్రటి మట్టి మూత ఒకటి. శిశువు సమాధి, క్రీస్తు పూర్వం ఏడో శతాబ్దం అని కింద చీటీ. "పేరుకి పసివాడు గానీ ఈ దీవి మొత్తానికి పెద్దవాడు వీడే. మా మేయరు కూడా వీడి ముందు కుర్రకుంక" అని చూడవచ్చిన వాళ్ళతో అనేది. వాళ్ళు నవ్వేవాళ్ళు, తనూ నవ్వేది. తొమ్మిదేళ్ళు అలా నవ్వింది. ఇప్పుడా నవ్వు తలుచుకుంటే ఆమెకి ఒళ్ళు జలదరిస్తుంది.

ఆమె గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మా దీవిలో ఎవరి గురించైనా అంతే. నోమికోస్, జాంబెతలకి ఒక్కగానొక్క కూతురు. నోమికోస్ తేనెటీగలు పెంచేవాడు. రాతిగోడలో మట్టి గొట్టాలు అడ్డంగా పేర్చి, వాటి మూతికి మట్టి మూతలు బిగించే పాత పద్ధతి ఆయనది. ఆయన తండ్రీ అలాగే పెంచాడు, తాతా అలాగే పెంచాడు. ఇంకా వెనక్కిపోతే, తవ్వకాల్లో బయటపడే గూళ్ళు కూడా అచ్చం అలాగే ఉంటాయి. చెక్కపెట్టెలు తెప్పించుకోమని ఎవరైనా చెబితే, "తేనెటీగ మారిందా, నేను మారడానికి?" అనేవాడు. జాంబెత మాట తక్కువ మనిషి. పక్కింట్లో పెళ్ళయినా చావైనా ఒకేలా తలాడించేది. ఊళ్ళో ప్రతి ఇంట్లో పిల్లలు గుంపులుగా ఉంటే పొలిక్సేని మాత్రం ఒంటికాయ సొంఠికొమ్ము. చిన్నప్పుడోసారి, "నాకో తమ్ముణ్ణి కనొచ్చు కదే" అని తల్లిని అడిగింది. జాంబెత కలుపుతున్న పిండి అలాగే వదిలేసి బయటికి వెళ్ళిపోయింది. పిల్ల మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పెళ్ళయితే అయింది. మొగుడు ఓడ మీద పనికి వెళ్ళి, ఎక్కడో రేవులో ఇంకో కాపురం పెట్టాడు. పొలిక్సేని ఏడ్చి గోల చేసిన మనిషి కాదు. అతని చొక్కాలన్నీ చింపి తుడిచే గుడ్డలు చేసుకుంది. మ్యూజియంలో దుమ్ము దులిపేది వాటితోనే. మంచి నూలు, పాపం, ఏళ్ళ తరబడి మన్నాయి.

మ్యూజియం ఉద్యోగం తవ్వకాల వల్ల వచ్చింది. ఊరి కింద వాలులో నీళ్ళ ట్యాంకు కోసం తవ్వుతుంటే బానలు బయటపడ్డాయి. ఒకటీ అరా కాదు, వందలు. ప్రతి బానలో ఓ పసికందు. మాకది వింత కాదు. ఆ వాలుని మా తాతలనాటి నుంచీ పసివాళ్ళ దిబ్బ అంటాం. నాగలి వేస్తే చిన్న చిన్న ఎముకలు పైకొచ్చేవి. దున్నేవాడు శిలువ గుర్తు వేసుకుని మళ్ళీ మట్టి కప్పేసేవాడు. ఏథెన్స్ నుంచి వచ్చిన పురావస్తు శాఖాయన లెయాండ్రోస్ మాత్రం గొయ్యి అంచున నిలబడి నోరెళ్ళబెట్టాడు. ఏ కాలంలోనో ఏ తల్లులో, కడుపులో పోయినవాళ్ళనీ పురిట్లో పోయినవాళ్ళనీ తరాల తరబడి ఒకే వాలులో పెట్టుకున్నారన్నాడు. పెంకులు కడగడానికి ఊరి ఆడవాళ్ళని పిలిచారు. పొలిక్సేని వెళ్ళింది. చెయ్యి మెత్తన, కన్ను చురుకు. మ్యూజియం తెరిచాక ఆమెనే కాపలాకి పెట్టుకున్నారు.

తవ్వకం మొదలైన రోజు నోమికోస్ వచ్చి తాడు అవతల టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "అన్నీ తీస్తారా?" అని అడిగాడు. "అన్నీ తీస్తాం బాబాయ్, ఒక్కటీ వదలం" అన్నాడు లెయాండ్రోస్ హుషారుగా. ముసలాయన ఇంటికొచ్చి మంచం పట్టాడు. ఆ చలికాలం దాటలేదు. ఊపిరితిత్తుల జబ్బన్నాడు డాక్టరు. ఇంట్లోవాళ్ళు నమ్మారు.

జాంబెత ఒక్కనాడూ మ్యూజియం గడప తొక్కలేదు. ఆమె ఒక్కతేనా, ఊళ్ళో ముసలమ్మలెవరూ తొక్కలేదు. "చచ్చినవాళ్ళ కుండలు చూడ్డానికి కాళ్ళు నొప్పించుకోవాలా?" అనేది. పొలిక్సేనికి చిన్నతనంగా ఉండేది. జర్మనీ వాళ్ళూ జపాన్ వాళ్ళూ సముద్రాలు దాటి వచ్చి చూసిపోతున్నారు, కన్నతల్లి రెండు వీధులు దాటి రాదు.

చివరికి ఆమెని రప్పించింది రుద్రజడ మొక్క. మ్యూజియంలో కొత్త గది కట్టారు. మా దగ్గర కొత్త కొట్టయినా, కొత్త పడవైనా, చివరికి మ్యూజియం గదైనా ఫాదర్ వచ్చి రుద్రజడ రెమ్మతో పవిత్ర జలం చల్లనిదే మొదలవదు. ఊరి మొత్తంలో మంచి రుద్రజడ జాంబెత మెట్ల మీది కుండీల్లోనే ఉంటుంది. "పెద్దమ్మా, రెమ్మ కోసుకొచ్చి నీ చేత్తో ఇస్తేనే చల్లుతా" అన్నాడు ఫాదర్ స్తమాతీస్. కుర్రాడైనా ఫాదర్ ఫాదరే. కాదనలేక నల్ల గుడ్డ తలకి బిగించుకుని వచ్చింది.

ఫాదర్ ముందు నడుస్తూ గోడల మీద, గుమ్మాల మీద, మధ్యలో మేయరు బట్టతల మీద కూడా నీళ్ళు చల్లాడు. నీళ్ళ గిన్నె పట్టుకుని జాంబెత వెనకే నడుస్తోంది. ఏడో పెట్టెని కొత్త గది నడిమధ్యకి మార్చి పైన దీపం పెట్టారు. అక్కడికొచ్చేసరికి ఫాదర్ రెమ్మ వెనక్కి చాపితే గిన్నె అందలేదు. తిరిగి చూశాడు. ముసలామె వంగి, అద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది. బిడ్డని కాదు, మూతని.

"అమ్మా, అద్దం ముట్టుకోకూడదు" అంది పొలిక్సేని అలవాటుగా.

"ఈ మూత మీ నాన్నది" అంది జాంబెత.

పొలిక్సేనికి నవ్వొచ్చింది. "నాన్నది కాదే. పాతకాలంది. అప్పుడు కూడా తేనెగూళ్ళకి ఇలాంటి మూతలే పెట్టేవాళ్ళు. చీటీలో రాసుంది చూడు."

"చీటీ నాకెందుకు? అంచు కింద చూడు. మూడు వేలి గుంటలుంటాయి. నడిమిది ఒక పక్క చదునుగా ఉంటుంది."

పొలిక్సేని వంగింది. ఆ గుంటలు ఆమెకి తెలుసు. వాటిలో దుమ్ము చేరుతుంది, గుడ్డ కొసతో తియ్యాలి. కానీ నడిమి గుంట ఎందుకు చదునుగా ఉందని ఎప్పుడూ అనుకోలేదు. వాళ్ళ నాన్న బొటనవేలి కొస చిన్నప్పుడే గానుగలో పడి నలిగిపోయింది. కుమ్మరి దగ్గర పచ్చి మూతలు తెచ్చుకున్నప్పుడల్లా, తనవని గుర్తుగా మూడు గుంటలు నొక్కేవాడు, నడిమిది ఆ వేలితో. చిన్నప్పుడు చర్చికి వెళ్ళేటప్పుడు ఆమె పట్టుకుని నడిచింది ఆ వేలినే.

జాంబెత గిన్నె నేల మీద పెట్టి, రెండు అరచేతులూ అద్దం మీద ఆనించింది. "లోపలున్నది నా పిల్లాడు" అంది. అరవలేదు, ఏడవలేదు. దండెం మీద ఆరేసిన గుడ్డ తనదేనని చెప్పినట్టు చెప్పింది.

మేయరు బట్టతల తుడుచుకోవడం మర్చిపోయాడు. లెయాండ్రోస్ మొహం సున్నం కొట్టినట్టయింది. అతనే కుర్చీ తెచ్చి ముసలామెని కూర్చోబెట్టాడు. మంచివాడు, వెక్కిరించలేదు, కాదనలేదు. "చెప్పండి పెద్దమ్మా" అన్నాడంతే.

"జనవరి నెల" అంది జాంబెత కూతురి వైపే చూస్తూ. "ఉత్తరపు గాలి. నువ్వింకా పుట్టలేదు. పిల్లాడికి ఊపిరి అందడం లేదు, నీలంగా అయిపోతున్నాడు. అప్పటి ఫాదర్ కోసం మీ నాన్న పై ఊరికి పరిగెత్తాడు. మంత్రసాని నాతో అంది, గాల్లోకి మూడుసార్లెత్తి నువ్వే పేరు పెట్టేయవే, అదీ బాప్తిస్మమే, దేవుడు ఒప్పుకుంటాడు అని. నేనే వద్దన్నా. ఫాదర్ వస్తాడు కదా, సరిగ్గా చేయిద్దాం, పెద్దకొడుకు కదా అన్నా. ఫాదర్ రాలేదు. గాలి తగ్గాక వస్తానన్నాడట. పిల్లాడు ఆగలేదు."

ఫాదర్ స్తమాతీస్ తల దించుకున్నాడు. ఆ పాత ఫాదర్ ఎప్పుడో పోయాడు గానీ, సిగ్గు మాత్రం ఈయన మొహంలో కనిపించింది.

"పేరు లేనివాడికి సమాధుల తోటలో చోటు లేదన్నారు. మీ నాన్న దుప్పట్లో చుట్టుకుని తీసుకుపోయాడు. ఎక్కడ పెట్టావంటే, మంచి గూటి మూత తీసి కప్పానే, చలి తగలదులే అన్నాడు. అంతే. నేను మళ్ళీ అడగలేదు, ఆయన చెప్పలేదు."

తాతా తాతా అని ఇన్నేళ్ళూ పిలిచింది తోడబుట్టిన అన్నని. చూడ్డానికి వచ్చినవాళ్ళకి వేలు పెట్టి చూపించి నవ్వించింది. పొలిక్సేని గోడకి జారగిలబడి, పిడికిలి నోట్లో కుక్కుకుంది.

"ఇవ్వండి, తీసుకుపోతా" అంది జాంబెత లేచి.

లెయాండ్రోస్ గొంతు సవరించుకున్నాడు. "నా చేతుల్లో లేదు పెద్దమ్మా. భూమిలో దొరికిన పాత వస్తువులన్నీ ప్రభుత్వం సొత్తు. ఏథెన్స్‌లో పరీక్ష చేయించాలి. మీ బాబేనని తేలితే నేనే తెచ్చి ఇస్తా."

"నా కడుపున పుట్టినవాడు ప్రభుత్వం సొత్తు ఎలా అయ్యాడు?"

పరీక్ష కోసం ముసలామె బుగ్గ లోపల దూదిపుల్లతో రాసి తీసుకున్నారు. బాననీ బిడ్డనీ మట్టితో సహా పెట్టెలో సర్ది పడవెక్కించారు. రేవులో జాంబెత నిలబడి, పెట్టె మీద తాడు ముడి సరిగ్గా పడిందో లేదో తడిమి చూసింది. అప్పటికే ఆమెకి గుండె బలహీనం. డాక్టరు పొలిక్సేనిని పక్కకి పిలిచి, ఈ ఏడు దాటితే గొప్పే అన్నాడు. ఇక ఇంట్లో ఉన్నది ఒకటే ధ్యాస. అమ్మ పోయేలోగా బిడ్డ తిరిగి రావాలి, నాన్న పక్కన మట్టిలోకి వెళ్ళాలి.

ఊరు ఊరుకుంటుందా? కాఫీ హోటల్లో అదే గోల. హోటల్ నడిపేది పొలిక్సేని మేనత్త కొడుకు పాంతెలీస్. వాడి నోటికి తలుపూ లేదు, గడియా లేదు. పొలిక్సేని రొట్టె కొనుక్కుని వెళ్తుంటే నలుగురి ముందూ అడిగాడు. "ఏమే, సొంత అన్నని టికెట్టు పెట్టి చూపించినదానివి, మీ నాన్నని కూడా తవ్వి తీసి పక్కన పెట్టకపోయావా?"

కుర్చీల్లో కొందరు నవ్వారు. ఆమెకి చెంప పగిలినట్టయింది. రొట్టె చేతిలో నలిగిపోయింది. నడిచిపోయింది, తెల్లటి గోడలన్నీ కళ్ళ ముందు మసకబారుతుంటే.

వాడి కంటే వాడి తల్లి ఘోరం. సెవస్తీ నోమికోస్ చెల్లెలు, అంటే జాంబెతకి ఆడపడుచు. ఎనభై ఏళ్ళొచ్చినా గొంతు మాత్రం చర్చి గంటే. జాంబెత గుమ్మంలో నిలబడి, వీధి చివరిదాకా వినపడేలా అంది. "అబద్ధం. మా అన్న అలాంటి పని చేసే మనిషి కాదు. ఆ దిబ్బ మీద బిడ్డని పెట్టే రాతిగుండె మా వంశంలో లేదు. నీకు మతి పోయింది వదినా."

"నాకు మతి పోతే బాగుండేది సెవస్తీ" అని జాంబెత తలుపేసుకుంది.

లెయాండ్రోస్ ఇల్లిల్లూ తిరిగాడు. ఇంకెవరైనా ఆ దిబ్బ మీద పసివాళ్ళని పెట్టారా అని మెల్లగా అడిగాడు. కాఫీ ఇచ్చారు, చెంచాతో తియ్యటి నిమ్మతొనలు పెట్టారు, మాట మాత్రం ఇవ్వలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరికి తెలుసు. ముసలమ్మలందరూ ఒకే పాట. మాకేం తెలీదు బాబూ, జాంబెతనే అడుగు. ఆదివారం చర్చిలో జాంబెత పక్క కుర్చీ ఖాళీగా ఉండిపోయేది. అంతకాలం ఆమెతో పాటు ఆలివ్‌లు ఏరిన ఆడవాళ్ళే, దారిలో ఎదురైతే తలగుడ్డ సర్దుకుంటూ పక్క సందులోకి తిరిగేవాళ్ళు. ఉత్తపుణ్యానికి ఇంత కోపం దేనికో పొలిక్సేనికి అర్థం కాలేదు. అమ్మ ఎవరి సొమ్ము తిన్నదని?

చలికాలం పోయి కొండల మీద గసగసాల పూలు ఎర్రగా విరబూసినప్పుడు, పడవలోంచి లెయాండ్రోస్ స్వయంగా దిగాడు. చేతిలో రెండు పెట్టెలు. పొలిక్సేనిని మ్యూజియం వెనక గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

"మీ అన్నయ్యే" అన్నాడు. "సందేహం లేదు."

ఆమె బల్ల పట్టుకుంది. ఇన్నాళ్ళూ అవునని తేలాలనే కోరుకుంది. తేలాక మాత్రం నెత్తిన పిడుగు పడ్డట్టే ఉంది.

"ఇంకో సంగతుంది" అన్నాడతను. చెప్పడానికి ఇబ్బంది పడుతున్నాడు. "అప్పట్లో పొడైపోతుందని భయపడి మేం బాన లోపలిదాకా తవ్వలేదు కదా. పైన కనిపించినంతే శుభ్రం చేసి పెట్టాం. ఇప్పుడు అడుగు దాకా వెళ్ళాం. కింద ఇంకొకడున్నాడు."

"ఇంకొకడా?"

"వాడు నిజంగా పాతవాడు. చీటీలో రాసింది వాడికి సరిపోతుంది. మీ నాన్నగారు అప్పటికే బిడ్డ ఉన్న బాన తెరిచారు. లోపలివాణ్ణి కదపలేదు. ఒక్క ఎముక కూడా పక్కకి జరగలేదు. వాడి మీద గడ్డి పరిచారు, గడ్డి మీద మీ అన్నయ్యని పడుకోబెట్టారు. గడ్డి ముద్దయిపోయినా ఆనవాలు మిగిలింది."

ఒక చావు మీద ఇంకో చావు పెట్టాడా నాన్న? పొలిక్సేనికి మొదట అసహ్యం వేసింది. నాన్నని తలుచుకుని అసహ్యం వేసినందుకు ఏడుపొచ్చింది. అమ్మకి ఎలా చెప్పాలి? గుండె ఆగిపోతే? చెప్పకుండా ఉంటేనో? ఇంటికెళ్ళే దారంతా చెప్పనులే అనుకుంది. గుమ్మంలో కూర్చున్న తల్లిని చూడగానే మొత్తం చెప్పేసింది. ఆ తల్లి దగ్గర దాచడం ఆమెకి ఎన్నడూ చేతకాలేదు.

జాంబెత విని, చేతిలో చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టింది. పొలిక్సేని భయపడి మందుబిళ్ళ కోసం లేచింది.

"కూర్చో" అంది జాంబెత. "అయితే వాడు ఒంటరిగా లేడన్నమాట."

"అమ్మా..."

"నేను ప్రతి చలికాలం దుప్పటి కప్పుకుంటున్నప్పుడల్లా అనుకునేదాన్ని. గాలి కొడుతుంటే అక్కడ వాడొక్కడే ఉన్నాడు, బెదిరిపోతున్నాడు అని. మీ నాన్నకి తెలుసు. ఒక్క మాట చెప్పలేదు చూడు నాకు. తోడున్నాడే అని ఒక్క మాట." బతికున్న మొగుణ్ణి తిట్టినట్టు తిట్టింది నోమికోస్‌ని. దొంగసచ్చినోడా, మూగదెయ్యమా అని. కళ్ళ నిండా నీళ్ళు. అమ్మ అలా తిట్టడం, ఏడవడం రెండూ పొలిక్సేని చూడటం అదే మొదలు.

పెద్ద పెట్టె మ్యూజియంకి, చిన్న పెట్టె తల్లికి అని కాగితాలొచ్చాయి. పాతవాడు సమాధుల తోటకి పోకూడదు, కొత్తవాడు అద్దాల్లో ఉండకూడదు. చట్టం అంతవరకే చూసింది. చిన్న పెట్టె తీసుకోవడానికి వచ్చిన రోజు జాంబెత ముందు రెండోవాణ్ణి చూపించమంది. లెయాండ్రోస్ పెద్ద పెట్టె మూత తీశాడు. "నీ తల్లి ఎవరో గానీ, నా పిల్లాణ్ణి మోశావు ఇంతకాలం" అంది వాడితో. "తీసుకెళ్తున్నా. ఏమీ అనుకోకు నాయనా." లెయాండ్రోస్ కిటికీ వైపు తిరిగిపోయాడు.

మా దగ్గర కొన్నేళ్ళకి సమాధి తెరిచి, ఎముకలని మళ్ళీ మట్టిలోకి పంపేముందు ద్రాక్షసారాతో కడుగుతారు. మొగుడి ఎముకలు అలాగే కడిగింది జాంబెత. ఆ మధ్యాహ్నం వంటింటి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పళ్ళెంలో సారా పోసి, ఒక్కొక్కటే కడిగింది. అంత చిన్నవి కడగడం ఆమె వేళ్ళకి కష్టమైంది. పక్కటెముక ఒకటి అగ్గిపుల్ల కంటే కాస్త పెద్దది. పొలిక్సేని తుడిచి గుడ్డ మీద పేర్చింది. పుర్రె దగ్గరికొచ్చినప్పుడు, "నీ నుదురే" అంది తల్లి.

సమాధుల తోటలో నోమికోస్ పక్కనే చిన్న గుంట. తండ్రి వైపు మగదిక్కు పాంతెలీస్ ఒక్కడే కాబట్టి, తవ్వే పని వాడి మీద పడింది. కాఫీ హోటల్లో అంత వాగినవాడు, పెట్టె సైజు చూశాక నోరు మూసుకుని తవ్వాడు. ఎవరూ రారనుకున్నారు తల్లీకూతుళ్ళు. ఫాదర్ ధూపం వెలిగిస్తుండగా గేటు కిర్రుమంది. ముసలమ్మలు వచ్చారు. ఒకళ్ళు కాదు, ఇద్దరు కాదు, మొహం చాటేసిన వాళ్ళందరూ. నల్లబట్టలు, చేతుల్లో పోయినవాళ్ళ పేర పంచే గోధుమ గుగ్గిళ్ళ చిన్న చిన్న పళ్ళాలు. చివర కర్ర పొడుచుకుంటూ సెవస్తీ. ఇక్కడ కూడా గొడవ పెట్టుకుంటుందా ఈవిడ అనుకుంది పొలిక్సేని.

ఫాదర్ స్తమాతీస్ ప్రార్థన మొదలుపెట్టి ఒకచోట ఆగాడు. "పెద్దమ్మా, ఇక్కడ పేరు చదవాలి. బాప్తిస్మం లేనివాడికి నేను చదవకూడదు. నువ్వు పలికితే మాత్రం ఆపను."

"సావాస్" అంది జాంబెత. మొదటి మగపిల్లాడికి తండ్రి తండ్రి పేరు పెట్టడం మా ఆనవాయితీ. అరవై ఏళ్ళుగా ఆ పేరు ఆమె నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

పాంతెలీస్ మట్టి తొయ్యడం మొదలుపెట్టాడు. అప్పుడు వెనక నుంచి ఎవరో, "మనోలీస్" అన్నారు.

పొలిక్సేని తిరిగి చూసింది. రొట్టెలమ్మే ఆవిడ తల్లి. ఆమె గుంట వైపే చూస్తోంది. వాళ్ళింట్లో మనోలీస్ అనే పేరుగలవాడు లేడు. పక్కనున్నామె, "కలియోపి" అంది. ఆ పక్కన ఇంకొకామె, తర్వాత ఇంకొకామె. ఎవరూ గట్టిగా అనలేదు. రేవు దగ్గరుండే ముసలామె రెండు పేర్లు చెప్పింది. పొలిక్సేనికి మొహాలన్నీ తెలుసు, ఆ పేర్లు ఒక్కటీ తెలియదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న వీధి మొత్తం ఒక్కసారిగా తిరగబడి లోపలిది బయటికి కనిపించినట్టయింది. మ్యూజియం వెనక గదిలో అరల నిండా పేర్చిన పసివాళ్ళ ఎముకల డబ్బాలు ఆమె కళ్ళ ముందు కదిలాయి. వాటి మీదన్నీ తనే దుమ్ము దులిపింది. ఫాదర్ పుస్తకం మూసేశాడు, చదవడానికి అందులో ఏమీ లేదని తెలిసినట్టు.

సెవస్తీ కర్ర మీద బరువు వేసి గుంట దాకా వచ్చింది. జాంబెత వైపు చూడలేదు. కొడుకు వైపు చూసింది.

"ఫ్లూరు" అంది. ఆ గొంతు చర్చి గంటలా లేదు, పక్కన ఉన్నవాళ్ళకే వినపడింది. "నీకంటే ముందు పుట్టిందిరా. మీ నాన్న సముద్రం మీదున్నాడు, ఆయనకీ చెప్పలేదు. నాలుగో నెలలోనే కడుపు పోయిందని ఉత్తరం రాయించా. మా అన్నే వచ్చి మోసుకెళ్ళాడు, అంతకుముందు తన బిడ్డని మోసుకెళ్ళినట్టే. ఎక్కడ పెట్టాడో నేను అడగలేదు."

పాంతెలీస్ తల్లిని చూశాడు, గుంటని చూశాడు, ఊరి కింద తవ్వేసిన దిబ్బ వైపు చూశాడు. పార పక్కన పెట్టేసి, మోకాళ్ళ మీద కూర్చుని, మిగిలిన మట్టి చేతులతో కప్పాడు.